ట్రాలీలో కదిలే కాపురం

బండి వెనక ట్రైలర్ తగిలించుకుని, అందులోనే వండుకుని, చీకటి పడినచోట గుడారం వేసుకుని నెలల తరబడి దేశం చుట్టే దంపతుల గురించి అప్పుడప్పుడూ చదువుతుంటాం. ఆస్ట్రేలియాలో ఉద్యోగ విరమణ చేసిన జంటలు కారు వెనక ఇంటిలాంటి క్యారవాన్ కట్టుకుని ఖండమంతా తిరిగొస్తారు. నెరిసిన జుట్టు సంచారులు అనే అర్థంలో వాళ్లకి ‘గ్రే నోమాడ్స్’ అని పేరు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా సెలవులొస్తే అలాంటి బండి అద్దెకు తీసుకుని అడవుల్లో మకాం వేసి ఫొటోలు పంపిస్తుంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

మా నిజామాబాద్ జిల్లా వాళ్లకి మాత్రం ట్రాలీ కట్టుకుని వచ్చే జంటలు కొత్తేమీ కాదు. బోధన్ వైపు చెరకు జోరుగా సాగిన రోజుల్లో దసరా వెళ్లి దీపావళి దగ్గరపడుతుంటే చాలు, రోడ్ల మీద కనిపించేవి. ముందు ట్రాక్టర్, వెనక ఒకదానికొకటి తగిలించిన రెండు ట్రాలీలు. వాటి నిండా జొన్నల బస్తాలు, రేకు పెట్టెలు, నీళ్ల డ్రమ్ములు, పెనాలు, చుట్టచుట్టిన టార్పాలిన్లు, వెదురు బద్దలు. సామాను మీద మనుషులు. వాళ్ల మధ్య ఓ మేక, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. తల్లుల ఒళ్లో పసిపిల్లలు.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా పల్లెల్లో బయల్దేరి, 250 కిలోమీటర్లకు పైగా వచ్చి, సాలూర దగ్గర మంజీర వంతెన దాటి మన వైపు దిగేవారు. రెండు ట్రాలీలు లాగే ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్లు పోతే గొప్ప. దారిలో రొట్టెలు కాల్చుకోవడానికి ఒకచోట, పిల్లల కోసం ఇంకోచోట ఆగుతూ వస్తే మర్నాటికిగానీ చేరేవారు కాదు. ఆపైన ఐదారు నెలలు చెరకు తోటల పక్కనే మకాం. ఉగాదికి కాస్త అటూఇటుగా మళ్లీ అదే ట్రాలీలో తిరుగు ప్రయాణం.

మేం వాళ్లని ‘చెరుకు కొట్టెటోళ్లు’ అనేవాళ్లం. వాళ్లదీ ఒక ప్రయాణమేనని ఎవరికీ తట్టేది కాదు.

ఒక కత్తి అంటే ఇద్దరు

నాది వేల్పూర్. పసుపు, ఎర్రజొన్న పండే నేల. చెరకు గురించి నాకు తెలిసిందంతా అత్తగారి ఊరి పుణ్యమే. మా మామగారిది బోధన్ దగ్గర ఓ పల్లె. ఆయనకు నాలుగెకరాల చెరకు ఉండేది. ఆ చుట్టుపక్కల రైతులందరికీ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీయే లోకం. 1937లో నిజాం కాలంలో పుట్టిన ఆ ఫ్యాక్టరీ కూత వినే అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. సంక్రాంతి సెలవులకి వెళ్తే, గాలిలో బెల్లం పాకం వాసన మమ్మల్ని ఊరి బయటే పలకరించేది.

2004 నుంచి వరసగా నాలుగు సీజన్లు మామగారి పొలం పక్క బీడులో ఒకే ముఠా దిగింది. పది పన్నెండు జంటలు. వాళ్లలో ఒక జంటతో మాకు స్నేహం కుదిరింది. అతనికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమెది అంతకన్నా చిన్న వయసు. బీడ్ జిల్లాలో ధారూర్ వైపు పల్లె. మామగారిని ‘పాటిల్’ అనేవారు. నేను బడిపంతులునని తెలిశాక నన్ను ‘గురూజీ’ అన్నారు. మా ఆవిడను ‘తాయి’ అని పిలిచేవారు. మామగారికి మరాఠీ బాగా వచ్చు. మా ఆవిడ పుట్టి పెరిగిందీ సరిహద్దు పల్లెలోనే కాబట్టి ఆమెకీ మాట్లాడటం ఇబ్బంది కాదు. నాకే మధ్యలో ఎవరో ఒకరు అర్థం చెప్పాల్సి వచ్చేది.

వాళ్ల ఇల్లు తయారవడం నేను కళ్లారా చూశాను. వెదురు బద్దలు వంచి రెండు వైపులా నేలలో పాతారు. పైన టార్పాలిన్ కప్పారు. దాని మీద ఎండిన చెరకు ఆకు పరిచారు. రెండు గంటల్లో ఇల్లు సిద్ధం. దాన్ని ‘కోపీ’ అంటారు. లోపల నిలబడటానికి వీల్లేదు, వంగి వెళ్లాలి. తలుపు లేదు, దీపం లేదు, స్నానానికి చాటు లేదు. గుడ్డలు వేలాడదీసుకుని ఆమే చాటు చేసుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికే కోపీల ముందు పొయ్యిలు వెలిగేవి. పొద్దంతా సరిపడా జొన్నరొట్టెలు మూటకట్టుకుని తోటలోకి నడిచేవారు. అతను చెరకు గడను మొదలంటా నరుకుతాడు. ఆమె ఆకు చెరిగి, కొసలు కొట్టి, మోపు కడుతుంది. ఒక్కో మోపు 35 నుంచి 40 కిలోలు. దాన్ని నెత్తినెత్తుకుని, ట్రాలీకి ఆనించిన పలక మీదుగా పైకెక్కి పడేయాలి. ఒక జంట రోజుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నులు కొడుతుంది. రెండు టన్నులంటే తక్కువలో తక్కువ 50 మోపులు. అన్నిసార్లు ఆ పలక ఎక్కి దిగాలన్నమాట. నరికిన చెరకు నిలవుంటే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే ఖాళీ బండి అర్ధరాత్రి వచ్చినా లేచి నింపాల్సిందే. వాళ్ల సంసారాన్ని మోసుకొచ్చిన ట్రాలీలే ఆ ఐదు నెలలూ చెరకు మోసేవి.

ఒకరోజు మామగారు ముఠా మేస్త్రీని, వాళ్ల భాషలో ‘ముకద్దం’ని, ఎంతమంది వచ్చారని అడిగారు. ‘పన్నెండు కోయ్తాలు పాటిల్’ అన్నాడతను. కోయ్తా అంటే చెరకు నరికే వంకీ కత్తి. నేను పన్నెండు మందే అనుకున్నాను. కోపీల దగ్గర చూస్తే పెద్దవాళ్లే ఇరవై నాలుగు మంది. అప్పుడు మామగారు నవ్వి వివరం చెప్పారు. ఒక కోయ్తా అంటే ఒక మనిషి కాదు, మొగుడూ పెళ్లాం కలిసి ఒక కోయ్తా. ఒంటరిగా వచ్చినవాడు అర కోయ్తా. పనికి ముందు ఇచ్చే బయానా కూడా కోయ్తాకే లెక్క. దాన్ని ‘ఉచల్’ అంటారు. వానాకాలంలో తిండికో, పెళ్లికో, వైద్యానికో ఆ డబ్బు తీసుకుంటారు. సీజనంతా టన్నుల లెక్కన పనిచేసి తీరుస్తారు. తీరకపోతే మిగిలింది వచ్చే ఏడు ఖాతాలోకి ఎక్కుతుంది.

నేను పదేళ్ల పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ని. ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే అయ్యే లెక్క అక్కడే చూశాను. ఆమె ఎంత కొట్టిందో, ఎన్ని మోపులు మోసిందో ఎవరి పుస్తకంలోనూ విడిగా ఉండదు. ఆమె పేరే ఉండదు. ఒకరికి జ్వరమొచ్చి పడుకుంటే ఇద్దరి పనీ ఆగినట్టే. నాగా పడిన రోజుకి ‘ఖాడా’ అని ఎదురు జరిమానా. జంటగా వెళ్తేనే నిండు కోయ్తా కాబట్టి, పిల్లలకి త్వరగా పెళ్లి చేసి జత కట్టి పంపే అలవాటు కూడా ఆ పల్లెల్లో ఉంది.

నీళ్లు వచ్చిన దారినే

ఒక సాయంత్రం మామగారు, అతనూ కాలువ గట్టున కూర్చుని బీడీ కాలుస్తున్నారు. ‘మీ దగ్గర నీళ్లెట్లున్నయి?’ అని మామగారు అడిగారు. ‘వానలు పడితే ఉంటాయి పాటిల్, లేకుంటే ట్యాంకరే’ అన్నాడతను. కాలువలో నీళ్లు చూపిస్తూ మామగారు, ‘ఇవి మీ నీళ్లేరా నాయనా’ అన్నారు.

ఆ మాట నిజం. మంజీర పుట్టేది బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో. లాతూర్, బీదర్ వైపుగా ప్రవహించి మెతుకుసీమలోకి వస్తుంది. అక్కణ్నుంచి మన నిజాంసాగర్‌కి చేరుతుంది. మొత్తం 724 కిలోమీటర్లు నడిచి, బోధన్‌కు దిగువన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ లేకపోతే, నవాబ్ అలీ నవాజ్ జంగ్ లాంటి ఇంజినీరు దాన్ని తలకెత్తుకోకపోతే, బోధన్‌లో ఇంత చెరకూ లేదు, ఫ్యాక్టరీ కూడా లేదు. నది పుట్టినచోట కొండవాలు, రాతినేల. నీళ్లు నిలవవు, కిందికి జారిపోతాయి. ఆ నీళ్లు ఇక్కడ చెరకు పండిస్తాయి. నీళ్లు పోయిన దిక్కునే అక్కడి మనుషులు ట్రాలీలెక్కి ఆ చెరకు కొట్టడానికి వస్తారు.

పైగా వాళ్లేమీ పరాయివాళ్లు కాదు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా బీడ్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలే. మా మామగారి చిన్నతనంలో ఆ ప్రయాణం సరిహద్దు దాటడం కాదు, పక్క జిల్లాకి రావడమే.

వేల్పూర్ బోర్డు

వాళ్లకి ఇద్దరు పిల్లలు. ఎనిమిదేళ్ల కూతురు, పాలు తాగే కొడుకు. అమ్మానాన్నా తోటలోకి వెళ్లాక తమ్ముణ్ని ఆడించడం, నీళ్లు తేవడం, మేకను కాయడం, కోపీకి కాపలా ఉండటం ఆ అమ్మాయి పని. ఆ పిల్లను చూసిన ప్రతిసారీ మా ఇద్దరికీ వేల్పూర్ గుర్తొచ్చేది.

అందుకు కారణం ఉంది. 2001లో మా వేల్పూర్ మండలంలో బడి బయట ఒక్క పిల్ల కూడా ఉండకూడదని ఉద్యమంలా కదిలారు. అప్పటి కలెక్టరు మొదలుకుని మాలాంటి పంతుళ్ల దాకా ఊళ్ల వెంట తిరిగాం. ఇంటింటికీ వెళ్లి బడికి రాని పిల్లల పేర్లు రాసుకున్నాం. చాలాచోట్ల అసలు సంగతి అప్పు అని తేలింది. తండ్రి తీసుకున్న బాకీకి కొడుకు పసుల కాడో, కూతురు పసుపు చేలోనో ఉండిపోయేవారు. యజమానులతో మాట్లాడి ఆ బాకీలు మాఫీ చేయించారు. సర్పంచులు ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. మా ఊళ్లో బాలకార్మికులు లేరని ఊళ్ల ముందు బోర్డులు పెట్టుకున్నారు. ఆ బోర్డు చూసినప్పుడల్లా మాకు ఛాతీ ఉప్పొంగేది.

రెండో సీజన్లో మా ఆవిడ ఉండబట్టలేక ఆ తల్లిని అడిగేసింది. ‘పిల్లను బడికి పంపవా చెల్లె?’

ఆమె రొట్టె తట్టడం ఆపలేదు. ‘ఏ బడికి తాయీ? మా ఊరి బడిలో పేరుంది. దీపావళి కాడ్నుంచి ఉగాది దాకా మేం అక్కడ ఉండం. ఈ ఊరి బడిలో కూచోబెడితే పరీక్షల ముందు లేపి తీస్కపోవాలె. నా బిడ్డ ఏ రిజిస్టర్లో ఉన్నట్టు?’ అంది. కాసేపాగి, ‘అది బడికి పోతే చంటోణ్ని ఎవరు చూస్తరు? నేను తోటలోకి పోకుంటే కోయ్తా సగమైతది’ అని కూడా అంది.

మా ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. వేల్పూర్లో మేం ఇల్లిల్లూ తిరిగాం. ఇల్లే కదిలిపోయే పిల్లల కోసం ఎక్కడికని తిరుగుతాం?

మర్నాడు ఆ పల్లె బడి పంతులుతో మాట్లాడాను. మంచివాడు. పేరు రాసుకోకపోయినా కూర్చోనిస్తానన్నాడు. తమ్ముణ్ని చంకనేసుకునే ఆ పిల్ల మూడో తరగతిలో ఓ మూల కూర్చునేది. మార్చి నాటికి తెలుగులో తన పేరు రాసింది. మా అత్తగారింటి గోడ మీద బొగ్గుతో రాసి చూపించింది కూడా. వారం తిరక్కుండానే ముఠా ట్రాలీ ఎక్కింది.

మూడో సీజన్లో ఆ జంట కూతుర్ని తీసుకురాలేదు. వాళ్ల ప్రాంతంలో ఓ ఆశ్రమ పాఠశాలలో చేర్చామని చెప్పారు. అక్కడే తిండి, అక్కడే పడక. చెప్తున్నప్పుడు అతని ముఖం వెలిగిపోయింది. ఆమె మాత్రం చంటివాడి వైపు చూసింది. వాడప్పుడు నడక నేర్చిన మూడేళ్లవాడు. ఆ సీజనంతా వాడి నడుముకి మెత్తటి చీరముక్క కట్టి, దాని రెండో కొస తోట గట్టున చెట్టుకి కట్టి పనిచేసుకుంది. ట్రాక్టర్లు తిరిగేచోట పిల్లవాడు ఎటైనా పోతాడేమోనని ఆమె భయం. అక్క చదువుకి తమ్ముడు కట్టిన ఫీజు అదేనేమో.

2008 తర్వాత ఆ ముఠా మళ్లీ మా వైపు రాలేదు. వేరే ఫ్యాక్టరీ ముకద్దం ఎక్కువ బయానా ఇచ్చాడని విన్నాం.

పర్లి దారిలో

2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు ఉన్న రైతులు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకి పంపారు. చాలామంది వరిలోకి మారిపోయారు. మామగారు అప్పటికే కాలం చేశారు. ఆ పొలంలో ఇప్పుడు మా బావమరిది వరి వేస్తున్నాడు. కోతకి యంత్రం వస్తుంది, రెండు గంటల్లో పని తేల్చుకుని పోతుంది.

నేను రిటైరయ్యాక 2018లో మేమిద్దరం కారులో పర్లి వైద్యనాథుడి దర్శనానికి బయల్దేరాం. పర్లి ఉన్నది బీడ్ జిల్లాలోనే. బోధన్ నుంచి సాలూర వంతెన దాటి, బిలోలి, లోహా, గంగాఖేడ్ మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, పులిహోర తింటూ, టీకి రెండుసార్లు ఆగి మధ్యాహ్నానికల్లా చేరిపోయాం. ఆ జంట ఒక పగలూ ఒక రాత్రీ ట్రాలీలో కుదుపులు తింటూ వచ్చిన దారి అది.

అవి దసరా వెళ్లిన రోజులు. తిరుగు ప్రయాణంలో గంగాఖేడ్ దాటేలోపే ట్రాక్టర్లు ఎదురయ్యాయి. ఒకటి, రెండు, పది... మేం లెక్కపెట్టడం మానేశాం. అన్నిటికీ రెండేసి ట్రాలీలు. అవే జొన్న బస్తాలు, అవే టార్పాలిన్లు. వాళ్లు మన వైపు రావడం లేదు. కొల్హాపూర్, సాంగ్లీ వైపు పెద్ద పెద్ద చెరకు ఫ్యాక్టరీలకి పోతున్నారు. మా ఆవిడ అద్దం దించి ఒక్కో ట్రాలీ మీది ముఖాలు చూస్తూ కూర్చుంది. పదేళ్లయ్యాక గుర్తుపట్టగలమా అన్నాను. ‘ఆమెను కాదు, పిల్లను చూస్తున్న. ఆ పిల్లకిప్పుడు ఇరవై రెండేండ్లు. ట్రాలీ మీద ఉండొద్దని చూస్తున్న’ అంది.

ఆ మరుసటి ఏడాది పేపర్లో వచ్చిన అంకెలు ఇంకా భయపెట్టాయి. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ కోసం 2019లో బీడ్ జిల్లాలో చెరకు కొట్టే 82,309 మంది ఆడవాళ్ల వివరాలు సేకరిస్తే, 13,861 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. నెలసరి వచ్చినా సెలవు లేదు, కడుపు నొచ్చినా సెలవు లేదు. రోజు పోతే ఖాడా. చాటు లేని చోట ఐదు నెలల బతుకు. ఇలాంటివన్నీ కలిసి ఆ ఆడవాళ్లను ఆపరేషన్ దాకా నెట్టాయి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఫ్యాక్టరీల దగ్గరే లక్షమందికి పైగా చిక్కుకుపోయారు. ఏప్రిల్లో ప్రభుత్వం అనుమతి ఇచ్చాకే ట్రాలీలు ఊళ్లకి కదిలాయి.

మార్పు అసలే లేదని కాదు. ఫ్యాక్టరీల దగ్గర ‘సాఖర్ శాళ’ పేరుతో పిల్లలకి బడులు నడిపినవారున్నారు. ఊళ్లోనే పిల్లల్ని ఉంచి చదివించే హాస్టళ్లు వచ్చాయి. 2024 జనవరిలో మహారాష్ట్రలో టన్ను కొట్టుడు కూలి 34 శాతం పెంచుతూ ఒప్పందం కుదిరింది. చెరకు కోసే యంత్రాలూ పెరుగుతున్నాయి. అవి నడుములకి విశ్రాంతి ఇస్తాయో, కడుపులకి ఎసరు పెడతాయో కాలమే చెప్పాలి.

మనం చేయగలిగినవి చిన్నవే. మన ఊరి పక్కన చెరకుకో, ఇటుక బట్టీకో బయటి ముఠా దిగితే, ఎంతమంది పనివాళ్లని కాక, ఎంతమంది పిల్లలని అడగొచ్చు. ఆ పిల్లలు ఉన్నన్నాళ్లూ ఊరి బడిలో కూర్చునేలా పంతులుతో ఓ మాట చెప్పొచ్చు. వెళ్లేటప్పుడు ఇన్ని నెలలు చదివారని కాగితం రాయించి ఇవ్వొచ్చు. ఆ తల్లి అడిగిన రిజిస్టర్ ప్రశ్నకి అది పూర్తి జవాబు కాకపోయినా, కనీసం జవాబుకి మొదలు. రాత్రిపూట ముందు ట్రాలీలు పోతుంటే హారన్ మోగించి విసుక్కోకుండా, దూరం ఉంచి నడపడం కూడా మన చేతిలోని పనే. ఆ టార్పాలిన్ కింద పిల్లలు నిద్రపోతుంటారు.

బీడ్ కొండల్లో పుట్టిన మంజీర ఇప్పటికీ కందకుర్తి దాకా వస్తూనే ఉంది. పోయినసారి పుష్కర ఘాట్ దగ్గర కూర్చున్నప్పుడు మా ఆవిడ, ‘ఆ పిల్ల మన గోడ మీద రాసిన పేరు సున్నం వేయకముందు ఫొటో తీసుంటే బాగుండేది’ అంది. నాకు ఆ అక్షరాలు ఇప్పటికీ గుర్తే. కొంచెం వంకరగా, చివరి అక్షరం కాస్త పెద్దగా ఉండేవి.